ఆ ఖాళీ కుర్చీలే నా ప్రాజెక్టు!

ఇంటీరియర్ డిజైన్ చదువుతున్నానని చెబితే చాలు, మా చుట్టాల్లో సగం మంది వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది. "మా హాల్‌కి ఏ రంగు వేస్తే బాగుంటదమ్మా?" అని. మిగతా సగం మంది, "దానికి నాలుగేళ్లు చదవాల్నా?" అంటారు. వాళ్లని తప్పు పట్టలేం. రీల్స్‌లో కనిపించేది అదే కదా! ముప్పై సెకన్లలో పాత గది కొత్తదైపోతుంది. చప్పట్లు కొట్టగానే లైట్లు వెలుగుతాయి, సోఫా వచ్చి కూర్చుంటుంది. ఆ మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చూపించరు. మేం నాలుగేళ్లు నేర్చుకునేది ఆ మధ్యలో ఉన్నదే.

నిజం చెప్పాలంటే, కాలేజీల్లో కూడా ఆ మధ్యలోది రెండు ముక్కలుగానే ఉంటుంది. పొద్దున థియరీ క్లాసు, మధ్యాహ్నం స్టూడియో. థియరీలో గెస్టాల్ట్, ప్రాక్సెమిక్స్, ఆంత్రోపోమెట్రిక్స్ అని పది మార్కుల ఆన్సర్లు రాస్తాం. స్టూడియోకి రాగానే ఆ నోట్సు బ్యాగులో పెట్టేసి పింటరెస్ట్ తెరుస్తాం. పొద్దున చదివినదానికీ మధ్యాహ్నం గీసేదానికీ సంబంధం ఏంటని అడిగే టైమ్ ఎవరికీ ఉండదు. ఆ రెండూ నాకు ఒకచోట కలిసింది ఐదో సెమిస్టర్‌లో. అది ఒక స్టడీ హాల్ ప్రాజెక్టు.

అక్క కూర్చునే చోటు

హైదరాబాద్‌లో చిక్కడపల్లి, అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ చుట్టుపక్కల తిరిగినవాళ్లకి ఈ లోకం తెలిసే ఉంటుంది. సిటీ సెంట్రల్ లైబ్రరీ, దాని చుట్టూ కోచింగ్ సెంటర్లు, పుస్తకాల షాపులు, హాస్టళ్లు, కర్రీ పాయింట్లు. లైబ్రరీలో చోటు దొరకనివాళ్ల కోసం గల్లీ గల్లీకీ ప్రైవేటు స్టడీ హాళ్లు. మూడు వైపులా ప్లైవుడ్ అడ్డం పెట్టిన చిన్న క్యాబిన్, ఒక కుర్చీ, ఒక ప్లగ్ పాయింట్, వైఫై. నెలకింత అని కడితే ఆ కుర్చీ మీది.

మా అక్క అలాంటి ఒక హాల్‌లో నాలుగేళ్లుగా చదువుతోంది. 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాసింది కోర్టు తీర్పుతో రద్దయింది. ఉద్యోగం సంగతి అలా ఉంచితే, తను రోజుకు పదకొండు, పన్నెండు గంటలు ఉండేది ఆ క్యాబిన్‌లోనే. మా సూర్యాపేట ఇంట్లో కన్నా, హాస్టల్ మంచం మీద కన్నా ఎక్కువ టైమ్ ఆ రెండడుగుల వెడల్పు చెక్కల మధ్యే గడిచింది.

స్టూడియోలో "1,500 చదరపు అడుగుల లోపు పబ్లిక్ స్పేస్, సైట్ మీరే ఎంచుకోండి" అన్నారు. చాలామంది కేఫే తీసుకున్నారు, ఇద్దరు బొటిక్ తీసుకున్నారు. నేను అక్క వెళ్లే హాల్ తీసుకున్నా. ఒకే ఫ్లోర్, 1,400 చదరపు అడుగులు, 84 కుర్చీలు. ఓనర్‌ని అడిగితే నవ్వి, "చూసుకోమ్మా, గీసుకోమ్మా. సీట్లు మాత్రం తగ్గొద్దు" అన్నాడు. అక్క అయితే, "ఏందే, టేపు పట్టుకొని ఒక్కొక్కరిని కొలుస్తవా?" అంది. ఇంచుమించు అదే చేశా.

ముందు ప్రశ్న, తర్వాత జవాబు

డిజైన్ ప్రాసెస్ గురించి చదివినవాళ్లకి 'డబుల్ డైమండ్' అనే బొమ్మ గుర్తుండే ఉంటుంది. బ్రిటన్‌లోని డిజైన్ కౌన్సిల్ దాదాపు ఇరవై ఏళ్ల కిందట దాన్ని ప్రచారంలోకి తెచ్చింది. పక్కపక్కన రెండు వజ్రాలు ఉంటాయి. మొదటి దాంట్లో సమస్యని వెతుకుతూ వెడల్పుగా వెళ్లి, అసలు సమస్య ఏంటో తేల్చుకుంటూ ఇరుకవుతాం. రెండో దాంట్లో పరిష్కారాల కోసం మళ్లీ వెడల్పుగా వెళ్లి, ఒకదాన్ని ఎంచుకుని పూర్తి చేస్తాం. చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. కానీ స్టూడియోలో మొదటి వారమే స్కెచప్‌లో త్రీడీ మొదలైపోతుంది చూశారా, అంటే మొదటి వజ్రం మొత్తం ఎగిరిపోయిందన్నమాట. సమస్య ఏంటో తెలియకముందే జవాబుకి రంగులు వేస్తున్నాం.

అందుకే మూడు వారాల పాటు కంప్యూటర్ తెరవకూడదని అనుకున్నా. హాల్ ప్లాన్ కొలిచి, దాన్ని ఏ4 కాగితాల మీద ప్రింట్లు తీసుకున్నా. మూడు రోజులు పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా అక్కడే ఒక మూల కూర్చున్నా. ప్రతి అరగంటకీ ఏ కుర్చీలో మనిషి ఉన్నారో, ఏది ఖాళీగా ఉందో చుక్కలు పెట్టడమే పని. దీన్ని బిహేవియరల్ మ్యాపింగ్ అంటారు. పుస్తకంలో అరపేజీ ఉంటుంది. చేస్తే నడుం పడిపోతుంది.

మూడో రోజు రాత్రి ఆ కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఫోన్ టార్చ్ వెలుతురులో చూస్తే ఒక బొమ్మ వచ్చింది. 84 కుర్చీల్లో ఏ అరగంటలోనూ 71 కంటే ఎక్కువ నిండలేదు. ఖాళీగా ఉన్నవి కూడా ఒక్కోసారి ఒక్కోటి కాదు, అవే కుర్చీలు. తలుపుకి వీపు పెట్టి ఉన్న ఒక వరస, వాష్‌రూమ్ దారిలో ఉన్న నాలుగైదు. గోడని ఆనుకున్నవి, కిటికీ పక్కవి మాత్రం పొద్దున ఎనిమిదికే నిండిపోతున్నాయి.

ఓనర్‌కి చూపిస్తే, "అటు ఏసీ తగలదమ్మా" అన్నాడు. థర్మామీటర్ పెట్టి చూశా. ఒక్క డిగ్రీ కూడా తేడా లేదు.

అరుగు మీద కూర్చున్న థియరీ

ఇక్కడే పొద్దునపూట నోట్సు పనికొచ్చింది. 1975లో జే ఆపిల్టన్ అనే బ్రిటిష్ జాగ్రఫీ ప్రొఫెసర్ ఒక మాట చెప్పాడు. మనిషికి నచ్చే చోట్లలో రెండు గుణాలు ఉంటాయట. ముందువైపు దూరం దాకా కనిపించాలి, వెనకవైపు నుంచి ఎవరూ రాకుండా ఉండాలి. ప్రాస్పెక్ట్-రెఫ్యూజ్ థియరీ అంటే అదే. పేరు చూసి భయపడకండి. మన ఊళ్లో అరుగు ఉంటుంది కదా, అచ్చంగా అదే! వీపుకి గోడ, ఎదురుగా వీధి. తాత పొద్దుగూకులూ అక్కడే ఎందుకు కూర్చుంటాడో ఇప్పుడు అర్థమైంది కదా. తలుపుకి వీపు పెట్టి కూర్చున్న అభ్యర్థికి ఈ రెండూ లేవు. ఎదురుగా ప్లైవుడ్, వెనక తలుపు. ఎవరు లోపలికొచ్చినా మెడ తిరుగుతుంది. లెక్కపెట్టా కూడా. సాయంత్రం ఆరు నుంచి ఏడు మధ్యలో ఆ తలుపు 46 సార్లు తెరుచుకుంది.

ఇంకొకాయన రాబర్ట్ సోమర్, సైకాలజిస్ట్. 1969లో 'పర్సనల్ స్పేస్' అనే పుస్తకం రాశాడు. ఆయన లైబ్రరీల్లో జనం ఎక్కడ కూర్చుంటారో, తమ చోటుని ఎలా కాపాడుకుంటారో పరిశీలించాడు. టేబుల్ మీద ఒక పుస్తకమో కోటో పెట్టి వెళ్తే, ఆ మనిషి లేకపోయినా వేరేవాళ్లు చాలాసేపు అక్కడ కూర్చోరని గమనించారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపిన జాతి మనది, మనకి ఇది కొత్తగా చెప్పాలా! కానీ డిజైనర్‌కి అందులో ఒక సూచన ఉంది. మనిషి తన చోటుకి ఏదో ఒక గుర్తు పెట్టుకోవాలనుకుంటాడు. హాల్‌లో చూస్తే ప్రతి క్యాబిన్ ప్లైవుడ్ మీదా సెల్లోటేప్‌తో అంటించిన టైమ్‌టేబుళ్లు, దేవుడి బొమ్మలు, ఒకచోట చిన్న పాప ఫొటో. ఓనర్ నెలకోసారి వాటిని పీకించేస్తాడు. టేప్ మరకలు పడతాయని.

థియరీని గుడ్డిగా నమ్మకూడదని కూడా అక్కడే తెలిసింది. ఎడ్వర్డ్ హాల్ 1966లో మనుషుల మధ్య దూరాల గురించి చెప్పాడు. పద్దెనిమిది అంగుళాల లోపలైతే చాలా దగ్గరివాళ్లకే అని, నాలుగడుగుల దాకా వ్యక్తిగతమని. ఆ లెక్కన 24 అంగుళాల క్యాబిన్‌లో పక్కపక్కన కూర్చున్నవాళ్లంతా ఇబ్బంది పడాలి. కానీ నేను మాట్లాడినవాళ్లలో పక్కవాళ్లు దగ్గరగా ఉన్నారని ఫిర్యాదు చేసింది ఇద్దరే. ఆ కొలతలు ప్రధానంగా అమెరికాలోని మధ్యతరగతి జనాన్ని చూసి తీసినవని, అందరికీ వర్తించవని హాలే హెచ్చరించాడు. సెవెన్ సీటర్ ఆటోలో పదిమందితో పెరిగిన మనకి పక్కన మనిషి ఉండటం సమస్య కాదు. వెనక మనిషి తిరగడమే సమస్య.

అడగాల్సిన తీరులో అడిగితే

పదిహేను మందితో మాట్లాడా. "మీకు ఏం కావాలి?" అని అడిగితే అందరూ "ఏసీ, వైఫై" అనే అంటారు. అందుకే ప్రశ్న మార్చా. "నిన్న పొద్దున ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఏం చేశారో వరసగా చెప్పండి" అన్నా. అప్పుడు అసలు విషయాలు బయటపడ్డాయి.

మధ్యాహ్నం మూడయ్యేసరికి అందరికీ నిద్ర ముంచుకొస్తోంది. అన్నం తిన్న మగతే అనుకున్నారు వాళ్లు. అది కొంతే. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. ఏసీ పెట్టాక కిటికీలన్నీ ప్లైవుడ్‌తో మూసేశారు. డెబ్బై మంది వదిలిన గాలి అక్కడే తిరుగుతోంది. తల బరువెక్కక ఏం చేస్తుంది?

అమ్మాయిల్లో చాలామందికి కాళ్లు నేలకి సరిగా ఆనడం లేదు. సాయంత్రానికి పిక్కలు లాగేస్తున్నాయి. మన మనుషుల కొలతలతో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లోనే ఒక పుస్తకం వేసింది. ఆ పట్టికలు ఒక్కసారి తిరగేస్తే తెలిసిపోతుంది, అయిదడుగుల అమ్మాయికి ఆ కుర్చీ ఎత్తు ఎక్కువని.

కాలేజీ ల్యాబ్ నుంచి లక్స్ మీటర్ తెచ్చి టేబుళ్ల మీద వెలుతురు కొలిచా. చదివే టేబుల్ మీద 300 నుంచి 500 లక్స్ ఉండాలని సాధారణంగా లెక్క. అక్కడ చాలా టేబుళ్ల మీద 140 దాటలేదు. ట్యూబ్‌లైట్లు నడిచే దారి మీద ఉన్నాయి, పార్టిషన్ నీడ పుస్తకం మీద పడుతోంది.

చివరికి అక్కని అడిగా. తను ఇంట్లో ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పింది.

"ఇంటి నుంచి ఫోనొస్తే యాడికి పోవాలె? లోపల మాట్లాడొద్దు. మెట్ల మీద నిలబడాలె. రిజల్ట్ వచ్చిన రోజు అక్కడ నిలబడి ఏడుస్తుంటే, పై ఫ్లోరోళ్లు వచ్చి జర పక్కకి జరుగమంటరు."

తర్వాత మిగతావాళ్లని కూడా అడిగా. దాదాపు అందరిదీ అదే మెట్టు. అమ్మతో అబద్ధం చెప్పేది అక్కడే, నాన్నని ఇంకో మూడు నెలల డబ్బులు అడిగేది అక్కడే. స్టడీ హాల్‌లో ఏమేం ఉండాలో చెప్పే ఏ చెక్‌లిస్ట్‌లోనూ ఈ చోటు లేదు.

వరస తిప్పితే చాలు

ఇప్పటికి మొదటి వజ్రం ముగిసింది. సమస్యని ఒక్క వాక్యంలో రాసుకుని డ్రాయింగ్ బోర్డు మీద అంటించుకున్నా: "ఏళ్ల తరబడి, రోజుకు పన్నెండు గంటలు ఒంటరిగా కూర్చునే మనిషికి వెనక భరోసా, పుస్తకం మీద వెలుతురు, తల వాలిస్తే ఎవరూ జరగమనని చోటు." ఆ తర్వాత గీసిన ప్రతి గీతనీ ఈ వాక్యంతోనే సరిచూసుకున్నా.

బబుల్ డయాగ్రమ్‌లో చప్పుడుని బట్టి చోట్లు అమర్చా. మెట్ల దగ్గర నుంచి మొదలుపెట్టి ముందు నీళ్లు, డబ్బా తినే అరుగు, తర్వాత ఫోన్ మూల, లోపలికి వెళ్లేకొద్దీ నిశ్శబ్దం. ట్రేసింగ్ పేపర్ మీద మూడు రకాల ప్లాన్లు గీసి, అయిదు అంశాల మీద మార్కులు వేసుకున్నా. నచ్చింది కాదు, ఎక్కువ మార్కులు వచ్చింది ఎంచుకున్నా.

అందులో పెద్ద మార్పులేం లేవు. తలుపుకి వీపు పెట్టిన వరసని తిప్పేసి, వెనక నాలుగున్నర అడుగుల స్క్రీన్ పెట్టా. కూర్చున్న మనిషి కన్ను నాలుగడుగుల లోపే ఉంటుంది, కాబట్టి ఆ ఎత్తు చాలు. సీలింగ్ దాకా గోడ కడితే గాలి ఆడదు. రెండు కిటికీలు తెరిచి, ఎదురుగోడకి ఎగ్జాస్ట్ ఫ్యాన్. ప్రతి టేబుల్ షెల్ఫ్ కింద ఎల్‌ఈడీ పట్టీ. నిగనిగలాడే లామినేట్ బదులు మ్యాట్, ఎందుకంటే మెరిసే టేబుల్ మీద లైటు కంట్లో కొడుతుంది. కాళ్లు పెట్టుకోవడానికి ఒక పైపు. కుర్చీ కాళ్లకి రబ్బరు బుష్‌లు. టైమ్‌టేబుల్ అంటించుకోవడానికి మెత్తటి పిన్ బోర్డు ముక్క. మొత్తం 76 సీట్లు.

"ఇందులో వావ్ ఏది?"

జ్యూరీ రోజు గోడ నిండా షీట్లు. పక్కన నా ఫ్రెండ్ కేఫే ప్రాజెక్టు చెట్టు ఆకారంలో, రెండర్లు నిజంగా కళ్లు తిప్పుకోనివ్వడం లేదు. నా షీట్లలో సగం చుక్కల మ్యాపులు. జ్యూరీలో ఒకాయన అయిదు నిమిషాలు చూసి, "ఇందులో వావ్ ఫ్యాక్టర్ ఏది? ఇది కార్పెంటర్ కూడా చేస్తాడు" అన్నారు.

"చేస్తాడు సర్. ఏ వరస తిప్పాలో చెబితే చేస్తాడు" అన్నా.

ఇంకొక మేడమ్ అసలు ప్రశ్న అడిగారు. "ఎనిమిది సీట్లు తగ్గిస్తే ఓనర్ ఒప్పుకుంటాడా?" చుక్కల మ్యాప్ చూపించా. ఇప్పుడు 84 ఉన్నా 71కి మించి నిండట్లేదు. నిండని కుర్చీకి అద్దె రాదు. 76 నిండితే ఆయనకి లాభమే. ఆవిడ ఆ కాగితం దగ్గరే చాలాసేపు నిలబడ్డారు. రంగుల గురించి ఎంతసేపైనా వాదించుకోవచ్చు. మూడు రోజుల చుక్కల ముందు వాదన పొట్టిగా అయిపోతుంది.

మార్కులు క్లాసులో మూడో స్థానం. చెట్టు కేఫేకి మొదటి స్థానం, దానికి అర్హత కూడా ఉంది. అందం అక్కర్లేదని నేను అనను. అందం దేనికోసమో తెలిసి ఉండాలంటా, అంతే.

తర్వాత ఏమైంది?

ఓనర్‌కి ఒకే పేజీలో తెలుగులో రాసి ఇచ్చా. ఆయన మూడు పనులు చేయించాడు. బుష్‌లు వేయించాడు, కిటికీలు తెరిపించి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాడు, ఆ వరస తిప్పించి వెనక స్క్రీన్ పెట్టించాడు. నెల తర్వాత వెళ్లి మళ్లీ రెండు రోజులు చుక్కలు పెట్టా. తిప్పిన వరస పొద్దున ఎనిమిదిన్నరకల్లా నిండుతోంది. ప్రాజెక్టు అప్పగించాక ఇలా మళ్లీ వెళ్లి చూడటాన్ని పోస్ట్ ఆక్యుపెన్సీ ఎవాల్యుయేషన్ అంటారు. సెమిస్టర్ అయిపోతుంది కాబట్టి స్టూడెంట్స్ దాని దాకా ఎప్పుడూ వెళ్లరు. వెళ్లండి, చాలా బాగుంటుంది.

ఫోన్ మూల మాత్రం రాలేదు. "ఫోన్ మాట్లాడుకోనీకి నేను రెండు సీట్లు పోగొట్టుకోవాల్నా?" అన్నాడు. పోనీ మెట్ల మలుపులో ఒక కుర్చీ వేయమన్నా. దారికి అడ్డం, ఏదైనా ప్రమాదం జరిగితే జనం దిగేదెట్లా అన్నాడు. అదీ నిజమే. అక్క ఇప్పటికీ ఆ మెట్టు మీదే నిలబడి మాట్లాడుతోంది. నా షీట్లో ఉంది కానీ హాల్‌లో లేని ఆ నాలుగడుగుల మూల గురించి నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నా. వేరే హాల్ ఎవరైనా కొత్తగా కడుతుంటే ముందు దాంతోనే మొదలుపెడతా.

జూనియర్లు అడుగుతుంటారు, థియరీని ప్రాజెక్టులో ఎలా పెట్టాలని. నాకు తెలిసింది ఇంతే. థియరీ పేరు షీట్ మీద రాయడం కాదు, దాన్ని ఒక ప్రశ్నగా మార్చుకుని సైట్‌కి తీసుకెళ్లండి. "ఇక్కడ వీపు వెనక ఏముంది?" అనేది ఒక ప్రశ్న. "ఈ మనిషి కాళ్లు ఎక్కడ ఆనుతున్నాయి?" ఇంకొకటి. జవాబు పుస్తకంలో ఉన్నట్టే వస్తే సంతోషం. రాకపోతే ఇంకా సంతోషం, మీ ప్రాజెక్టు అక్కడే మొదలవుతుంది.

ఈ సెమిస్టర్ నాకు ఒక అంగన్‌వాడీ వచ్చింది. మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలు. వాళ్ల కన్ను మూడడుగుల ఎత్తులో ఉంటుంది, గోడ మీద చార్టులేమో టీచరమ్మ ఎత్తులో ఉన్నాయి. సోమవారం టేపు పట్టుకుని వెళ్తున్నా. కొలతలు తర్వాత, ముందు ఒక పూట పిల్లలతో పాటు చాప మీద కూర్చోవాలి.